అనంతపురం నుంచే రాక్ సింగిల్: పాట ఎంచుకోవడం నుంచి రిలీజ్ దాకా

నలుగురు కలిసి రెండేళ్లుగా వాయిస్తున్నారు. కాలేజీ ఫెస్టుల్లో స్టేజీ ఎక్కారు. సొంత పాటలు నాలుగైదు ఉన్నాయి. అందులో ఒకదాన్ని పద్ధతిగా రికార్డ్ చేసి స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్ లాంటి చోట్ల పెట్టాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియడం లేదు. అలాంటి బ్యాండ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది అనంతపురం. నేను బేస్ గిటార్ వాయిస్తాను. మొదటి సింగిల్ (విడిగా రిలీజ్ చేసే ఒక్క పాట) చేసినప్పుడు ప్రతి చిన్న పనికీ బెంగళూరు పరిగెత్తాం. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కొన్ని గంటల ప్రయాణమే కదా అనుకున్నాం. బస్సు చార్జీలు, లాడ్జి, గంటల లెక్కన స్టూడియో కిరాయి అన్నీ కలిపితే పాట సగంలో ఉండగానే డబ్బులు అయిపోయాయి. మిగతా సగం హడావిడిగా చుట్టేశాం. ఆ హడావిడి పాటలో ఇప్పటికీ వినిపిస్తుంది. రెండో పాటకు పద్ధతి మార్చుకున్నాం: ఊర్లో అయ్యే పని ఊర్లోనే చేసుకోవాలి, ఊర్లో కాని పనికి మాత్రమే బస్సెక్కాలి. ఏ పని ఎటు వస్తుందో వరుసగా చెబుతాను. కర్నూలు, కడప వాళ్లకు కూడా ఇదే లెక్క. కర్నూలు నుంచి హైదరాబాద్ దగ్గర కాబట్టి బస్సు మారుతుంది, అంతే.

ముందు ఒక్క పాట

నాలుగు పాటలు ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్కటి ఎంచుకోండి. డ్రమ్స్, డిస్టార్షన్ అన్నీ పక్కనపెట్టి, ఒక్క అకౌస్టిక్ గిటార్‌తో మెల్లగా పాడి చూడండి. అప్పుడు కూడా నిలబడే పాటే సింగిల్‌కు పనికొస్తుంది. సౌండ్ బలంతో నడిచే పాట స్టేజీ మీద బాగుంటుంది, ఫోన్ స్పీకర్‌లో తేలిపోతుంది.

మూడు, నాలుగు నిమిషాల్లో ముగిస్తే మంచిది. స్పాటిఫైలో ఒకరు 30 సెకన్లు వింటేనే అది ఒక స్ట్రీమ్ కింద లెక్క. మా పాటకు మొదట్లో దాదాపు నిమిషం పాటు గిటార్ ఇంట్రో ఉండేది. స్టేజీ మీద దానికి ఈలలు పడేవి. సింగిల్‌కు దాన్ని 14 సెకన్లకు కోసేశాం. మా గిటారిస్టు రెండు రోజులు మాట్లాడలేదు. కానీ గొంతు త్వరగా వినబడితేనే కొత్తవాళ్లు ఆగి వింటారు. పొడుగు ఇంట్రో లైవ్‌లో ఎప్పుడూ వాయించుకోవచ్చు.

మాట తాళం మీద కూర్చోవాలి

తెలుగు రాక్‌లో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సిన పని ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు, ఏ స్టూడియో అవసరం లేదు. అయినా ఎక్కువమంది వదిలేసేది కూడా దీన్నే.

మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్ మాట చివర ఎక్కువగా హల్లు గట్టిగా ఆగుతుంది, స్నేర్ డ్రమ్ దెబ్బ సరిగ్గా అక్కడ పడుతుంది. ఆ ట్యూన్ మీద తెలుగు మాట పెడితే చివరి అచ్చు సాగి, దెబ్బ పడాల్సిన చోట జారిపోతుంది. అందుకే కొందరు ‘తెలుగులో రాక్ కుదరదు’ అంటారు. కుదురుతుంది. మన భాషలో ఆ దెబ్బ మాట చివర ఉండదు, మాట మధ్యలో ఉంటుంది: గడ్డ, బండ, నిప్పు, మన్ను, ఎర్ర. ఒత్తక్షరం ముందున్న అక్షరం, సున్నా ఉన్న అక్షరం గురువులు అవుతాయని పదో తరగతి ఛందస్సులో చదువుకున్నాం కదా, ఆ పాఠం ఇక్కడ పనికొస్తుంది.

మా పాట నుంచే ఒక ఉదాహరణ. మొదటి డ్రాఫ్ట్‌లో పల్లవి ఇలా ఉండేది:

నీరు లేని నేలలోన నిలిచినాను నేను

చదివితే బాగానే ఉంది. డ్రమ్స్‌తో పాడితే మాత్రం గొంతు ఒకవైపు, డ్రమ్స్ ఒకవైపు. వారం రోజులు మా డ్రమ్మర్ టైమింగ్ తప్పు అనుకున్నాం. చివరికి మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కపెడితే సంగతి అర్థమైంది. నీరు మూడు మాత్రలు, లేని మూడు, నేల మూడు, లోన మూడు, నిలిచి మూడు, నాను మూడు, నేను మూడు. లైను మొత్తం తకిట తకిట అని త్రిశ్ర నడకలో పోతోంది. డ్రమ్స్ తకధిమి అని చతురశ్రంలో కొడుతున్నాయి. డ్రమ్మర్ తప్పేమీ లేదు. లైను మార్చాం:

ఎండిన గడ్డన ఎర్రటి మన్నే

ఎండిన నాలుగు మాత్రలు, గడ్డన నాలుగు, ఎర్రటి నాలుగు, మన్నే నాలుగు. ప్రతి మాట మొదట్లో గురువు ఉంది, అది నేరుగా బీట్ మీద పడుతుంది. స్నేర్ ‘గడ్డ’ మీద ఒకసారి, ‘మన్నే’ మీద ఒకసారి. అదే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క), అదే స్పీడు, కానీ పాట ఒక్కసారిగా కాళ్లూనుకుని నిలబడింది.

మీరు కూడా పల్లవి, చరణాలు కాగితం మీద రాసి, ఒక్కో మాట కింద మాత్రలు వేయండి. మూడు మూడుగా వస్తున్నాయా, నాలుగు నాలుగుగా వస్తున్నాయా చూడండి. మూడు వస్తూ, ఆ మాటలు వదులుకోలేమనిపిస్తే డ్రమ్స్‌ను ఆరు బై ఎనిమిది తాళానికి మార్చండి. అదీ బరువుగా, బాగా ఉంటుంది. రెంటినీ తెలియకుండా కలపడమే తప్పు.

ఇంకో మాట. ఇంట్లో ‘యాడికి పోతాండావు’ అని మాట్లాడేవాళ్లు మైకు ముందు నిలబడగానే సినిమా తెలుగులోకి మారిపోతారు. మన యాసలో పాడండి. ఆ మాటల్లో ఉన్న గట్టిదనం రాక్‌కు బాగా సరిపోతుంది.

పద్యం, కీర్తన, ఉరుము వాడుకుంటే

మన ప్రాంతంలో ఉన్నంత పద్య సంపద చూస్తే వాడుకోవాలనిపించడం సహజం. వేమన పద్యాల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు, నిశ్చింతగా వాడుకోవచ్చు. అన్నమయ్య సాహిత్యం కూడా అంతే. కానీ కీర్తన మాటలు వేరు, దాని ట్యూన్ వేరు. మనం ఈరోజు వింటున్న బాణీల్లో చాలా వాటిని ఇరవయ్యో శతాబ్దంలో కట్టారు. మన అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారు ఎన్నో కీర్తనలకు స్వరం కట్టి, 1979లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం సృష్టికర్త చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే ఆయన సొంత బాణీలకు 2039 చివరిదాకా ఉన్నట్టు. కాబట్టి సాహిత్యం తీసుకుని ట్యూన్ మీరే కొత్తగా కట్టుకోండి. అలా చేస్తే ఇబ్బంది ఉండదు, మీ బ్యాండ్ ముద్ర కూడా పడుతుంది.

ఉరుము అనే జానపద వాయిద్యం గానీ, డప్పు గానీ, చెక్కభజన గానీ పాటలో కావాలనుకుంటే నెట్‌లో దొరికే లూపులు వెతక్కండి. మన జిల్లాలో ఉరుములు వాయించే కళాకారులు ఉన్నారు. పోయి అడగండి. ముందే డబ్బు మాట్లాడుకుని, వాయించిన రోజే చేతిలో పెట్టండి. క్రెడిట్స్‌లో వాళ్ల పేరు, వాయిద్యం పేరు తప్పకుండా వేయండి. ‘ట్రెడిషనల్ డ్రమ్స్’ అని రాసి ఊరుకోవడం అన్యాయం.

కేబుల్ కన్నా ముందు కాగితం

ఇది చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. మా మొదటి పాటకు ప్రధాన రిఫ్ కట్టిన స్నేహితుడు ఉద్యోగం వచ్చి ఊరు వదిలి వెళ్లాడు. రిలీజ్ రోజు ఫోన్ చేసి ‘రేయ్, నా పేరు ఏదిరా?’ అని అడిగాడు. మేం సంగీతం దగ్గర బ్యాండ్ పేరు ఒక్కటే వేశాం. కావాలని చేసింది కాదు, ఎవరూ పట్టించుకోలేదు, అంతే. తర్వాత సరిచేశాం. ఆ ఫోన్ కాల్ మాత్రం మరిచిపోలేను.

ఒక పాటలో మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి: మాటలు, బాణీ, రికార్డింగ్. మాటలు రాసినవాళ్లది సాహిత్యం. ట్యూన్ కట్టినవాళ్లది బాణీ. రికార్డింగ్‌కు డబ్బు పెట్టి చేయించినవాళ్లది మాస్టర్, అంటే ఆ తుది రికార్డింగ్. ఒక తెల్ల కాగితం మీద ఈ మూడింటి కిందా ఎవరికి ఎంత శాతమో రాసుకుని, అందరూ సంతకం పెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టుకోండి. ఎవరైనా బ్యాండ్ వదిలేస్తే ఏమవుతుందో కూడా ఒక వాక్యం రాయండి. స్నేహితుల మధ్య కాగితమేంటి అనిపిస్తుంది. స్నేహం నిలవాలంటేనే కాగితం కావాలి.

పాట పుట్టగానే 1957 కాపీరైట్ చట్టం కింద హక్కు మీకు వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆధారం ఉండాలనుకుంటే ఆన్‌లైన్‌లో కాపీరైట్ ఆఫీసుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రచయిత, స్వరకర్త ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరితే మంచిది. పాట రేడియోలోనో, హోటల్లోనో, ఈవెంట్‌లోనో వాయించినప్పుడు రావాల్సిన రాయల్టీని వసూలు చేసి పంచే సంస్థ అది. 2012లో చట్టానికి చేసిన సవరణలతో రచయితలు, స్వరకర్తల హక్కు ఇంకా గట్టిపడింది.

స్పీడు తేల్చుకోండి

స్టేజీ మీద అందరూ వేగంగా వాయిస్తారు, ఆ వేగమే అసలు వేగమని అలవాటైపోతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని ఒకే పాటను 126, 130, 134 బీపీఎంలలో (నిమిషానికి అన్ని బీట్లు) వాయించి ఫోన్‌లోనే రికార్డ్ చేయండి. అప్పుడే వినకండి, మరుసటి రోజు పొద్దున వినండి. మాటలు స్పష్టంగా వినిపించే స్పీడు ఏదో దాన్నే ఖాయం చేయండి. తర్వాత ఆ స్పీడులో క్లిక్‌తో పాటు ఒక గిటార్, ఒక గొంతు ఉన్న గైడ్ ట్రాక్ తయారుచేసుకోండి. మిగతా పనంతా దాని మీదే కట్టాలి.

డ్రమ్స్‌కు మాత్రం బస్సెక్కండి

నిజమైన డ్రమ్ కిట్ రికార్డ్ చేయాలంటే ఏడెనిమిది మైకులు, అన్ని ఇన్‌పుట్లు ఉన్న మెషీన్, ఎత్తైన సీలింగ్ ఉన్న గది కావాలి. ఇంట్లో అది కుదరదు. డబ్బులు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. ఆ డబ్బు కూడా లేకపోతే ఎలక్ట్రానిక్ కిట్ మీద వాయించి మిడిగా (సౌండ్ కాకుండా, ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడిందన్న లెక్కగా) రికార్డ్ చేసుకోండి. అదీ మర్యాదైన పద్ధతే. మనిషి వాయించిన దెబ్బ అందులోనూ ఉంటుంది.

స్టూడియోకు పోయే వారం ముందు నుంచి డ్రమ్మర్ రోజూ గైడ్ ట్రాక్ మీదే సాధన చేయాలి. గైడ్ ట్రాక్‌ను రెండు పెన్‌డ్రైవ్‌లలో తీసుకెళ్లండి. మొదటి రెండు గంటలు మైకులు సర్దడానికి, సౌండ్ చూసుకోవడానికే పోతాయి, ఖంగారుపడకండి. తర్వాత మొత్తం పాటను నాలుగైదు సార్లు వాయిస్తే చాలు. అలసిపోయాక తీసిన పదో టేక్ ఎప్పుడూ బాగుండదు.

ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. స్టూడియో గుమ్మం దాటేముందు అన్ని ట్రాకుల అసలు ఫైళ్లు మీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, అక్కడే తెరిచి చూసుకోండి. మేం మొదటిసారి ఒకచోట ‘తర్వాత పంపిస్తాం’ అంటే సరేనని వచ్చేశాం. ఆ ఫైళ్ల కోసం రెండు నెలలు ఫోన్లు చేశాం.

గిటార్లు ఇంట్లోనే

రెండు ఇన్‌పుట్లు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, (గిటార్‌ను, మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే గిటార్లు, బేస్, గొంతు అన్నీ ఇంట్లో అయిపోతాయి. ఇంటర్‌ఫేస్ కొనకపోయినా తెలిసినవాళ్ల దగ్గర పది రోజులు అడిగి తెచ్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు రీపర్ సరిపోతుంది. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత లైసెన్స్ ధర కూడా మిగతావాటితో పోలిస్తే తక్కువ. సెట్టింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. లెవెల్ మైనస్ 12 డీబీ దగ్గర ఆడితే చాలు. ఎర్ర లైటు దాకా పోనివ్వకండి. 24 బిట్‌లో తక్కువ లెవెల్ వల్ల నష్టమేమీ లేదు, ఎక్కువై పగిలిపోయిన సౌండ్‌ను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

గిటార్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌లో పెట్టి, ఎఫెక్టులు లేని పచ్చి సౌండ్ రికార్డ్ చేయండి. ఆంప్ సౌండ్ సాఫ్ట్‌వేర్‌లో తర్వాత మార్చుకోవచ్చు. రిథమ్ గిటార్ రెండుసార్లు విడిగా వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టండి. ఒకసారి వాయించి కాపీ చేస్తే వెడల్పు రాదు. ప్రతి టేక్ ముందు ట్యూనర్ చూసుకోండి. ఎండాకాలంలో గది వేడికి తీగలు సడలి శ్రుతి దిగిపోతుంది.

ఇక గుయ్యిమనే శబ్దం. మమ్మల్ని ఏడిపించింది ఇదే. రికార్డింగ్ మొదలుపెట్టగానే గిటార్ వెనక గుయ్యిమని ఆగకుండా మోత. తీగల మీద చేయి వేస్తే తగ్గేది, తీస్తే పెరిగేది. కేబుల్ మార్చాం, పికప్ (తీగల కదలికను పట్టే భాగం) విప్పాం, ఇంటర్‌ఫేస్ పాడైందనుకుని ఇంకొకటి అడిగి తెచ్చాం. ఏదీ పనిచేయలేదు. చివరికి వీధిలో ఉండే ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాం. ఆయన ప్లగ్గులో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టారు. బల్బు మసగ్గా వెలిగింది. పెరట్లోకి పోయి ఎర్త్ గుంత మీద మూత తీసి చూస్తే లోపల మట్టి పొడిపొడిగా ఉంది.

‘భూమి ఇట్ల ఎండిపోయింటే ఎర్తింగ్ యాడ పడ్తాదప్పా. ఉప్పు, బొగ్గు యేసి రెండు బిందెలు నీళ్లు పోయండి’ అన్నారు.

ఆయనే దగ్గరుండి చేయించారు. మరుసటి రోజుకు మోత చాలావరకు పోయింది. ల్యాప్‌టాప్ చార్జర్ నుంచి వచ్చే నాయిస్‌కు భూమిలోకి పోయే దారి లేక గిటార్ కేబుల్‌లోకి వచ్చేదట. మన అనంతపురం నేలలో తడి ఎంత తక్కువో తెలిసిందే కదా, ఎర్త్ గుంతకు వేసవిలో నీళ్లు పోయకపోతే ఇదే జరుగుతుంది. మీకూ మోత వస్తే ముందు చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. తగ్గితే సమస్య ఎర్తింగ్‌ది కావచ్చు. ఎలక్ట్రీషియన్‌తోనే చూపించండి, టెస్ట్ ల్యాంపు పనులు మీరు చేయకండి. మోత తగ్గుతుందని ప్లగ్గు మూడో పిన్ను పీకేయమని కొందరు సలహా ఇస్తారు. అది ప్రాణాల మీదకు తెస్తుంది, ఎప్పుడూ చేయకండి. మిగిలిన కాస్త మోతకు ట్యూబ్‌లైటు, ఫ్యాను రెగ్యులేటర్ ఆపేసి, కుర్చీని మెల్లగా తిప్పుతూ చూడండి. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్ ఒక దిక్కుకు తిరిగినప్పుడు బాగా నిశ్శబ్దమవుతుంది. ఆ దిక్కునే కూర్చుని వాయించండి.

గొంతుకు బొంతలు

మన ఇళ్లలో బండల నేల, సున్నం గోడలు. గొంతు వాటికి తగిలి తిరిగొచ్చి మైకులో పడుతుంది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ తీయండి. గాయకుడి వెనక గోడకు రెండు, పక్కలకు ఒక్కొక్కటి తాళ్లకు వేలాడదీయండి, కింద ఒకటి పరవండి. మైకు వెనక కన్నా గాయకుడి వెనక బొంత ముఖ్యం, ఎందుకంటే మైకు చూసేది అటువైపే. మా గాయకుడి వాళ్ల అవ్వ కుట్టిన పాత చీరల బొంత అన్నిటికన్నా బాగా పనిచేసింది. పాత నూలు బట్ట పొరలు పొరలుగా ఉంటుంది కదా, సౌండ్‌ను బాగా పీల్చుకుంటుంది.

కండెన్సర్ మైకు అయితే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల బటన్ నొక్కాలి. మైకుకు జానెడు దూరంలో నిలబడాలి, మధ్యలో పాప్ ఫిల్టర్ ఉండాలి. ప, ఫ, భ లాంటి అక్షరాలు పాడేటప్పుడు కొద్దిగా పక్కకు తిరిగి పాడితే గాలి మోత పడదు.

ఫ్యాను ఆపాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి. డిసెంబరు, జనవరి రాత్రులు మంచివి. పదకొండు తర్వాత వీధి సద్దుమణుగుతుంది, మోటార్లు ఆగుతాయి. మొత్తం పాటను నాలుగుసార్లు పాడించి, తర్వాత లైను లైనుగా మంచివి ఏరుకోండి.

అయిపోయాక, పాట ఎప్పుడూ విననివాళ్లకు వినిపించి, వాళ్లకు వినబడిన మాటలు కాగితం మీద రాయమనండి. మేం మా అమ్మకు ఇచ్చాం. రెండో చరణంలో ‘బీటలు’ అన్న చోట అమ్మ ‘బాటలు’ అని రాసింది. ఆ ఒక్క లైను మళ్లీ పాడించాం.

మిక్స్, మాస్టర్

మిక్స్ అంటే విడివిడి ట్రాకులను కలిపి ఒక పాటగా చేయడం, మాస్టరింగ్ అంటే దానికి చివరి మెరుగు పెట్టడం. దీనికి ప్రయాణం అవసరం లేదు. రాక్ మిక్స్ చేసిన అనుభవం ఉన్న ఇంజనీరును వెతికి, ఆయన చేసిన పాటలు రెండు విని, రేటు, ఎన్ని మార్పులు చేస్తారు అన్నది ముందే మాట్లాడుకోండి. ప్రతి ట్రాక్‌నూ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా వేవ్ ఫైలుగా తీసి, అర్థమయ్యే పేర్లు పెట్టి పంపండి. స్పీడు ఎంతో, శ్రుతి ఏదో, పాట ఎలా వినిపించాలనుకుంటున్నారో నాలుగు లైన్లు రాయండి.

మిక్స్ వచ్చాక హెడ్‌ఫోన్స్‌లోనే కాదు, ఫోన్‌లో, తెలిసినవాళ్ల ఆటోలో, టీ అంగడి స్పీకర్‌లో వినండి. మార్పులన్నీ ఒకేసారి, నిమిషం, సెకనుతో సహా రాసి పంపండి. నలుగురూ విడివిడిగా ఫోన్లు చేసి చెబితే ఇంజనీరుకు ఏమీ అర్థం కాదు. మాట్లాడేది ఒక్కరే ఉండాలి.

మాస్టరింగ్ దగ్గర ఎంత గట్టిగా వినబడితే అంత మంచిదని ఒత్తిడి చేయకండి. స్పాటిఫై అన్ని పాటల లౌడ్‌నెస్‌నూ మైనస్ 14 లఫ్స్ (లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి తెస్తుంది. మీరు ఇంకా గట్టిగా చేసినా అది తగ్గించేస్తుంది, మీకు మిగిలేది నలిగిపోయిన డ్రమ్స్ మాత్రమే. ట్రూ పీక్ (సౌండ్ చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డీబీ దాటకుండా చూడమని చెప్పండి.

అప్‌లోడ్

స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ లాంటివి బ్యాండ్ల నుంచి నేరుగా పాట తీసుకోవు, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ కావాలి. డిస్ట్రోకిడ్ లాంటి చోట ఏడాదికోసారి ఫీజు కట్టాలి, సీడీ బేబీ లాంటి చోట ఒక్కో రిలీజ్‌కు ఒకసారి కడితే చాలు. ఏడాదికి ఒక పాటే చేసే బ్యాండ్ అయితే రెండో పద్ధతి ప్రశాంతం, ఫీజు కట్టడం మరిచిపోతే పాట దిగిపోతుందేమో అన్న టెన్షన్ ఉండదు. అమెరికా కంపెనీలు డబ్బు పంపే ముందు డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం నింపమంటాయి. పాన్ కార్డు దగ్గర పెట్టుకుని నింపండి.

కవర్ ఫోటో చతురస్రంగా, 3000 బై 3000 పిక్సెళ్లలో ఉండాలి. దాని మీద ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఐడీ లాంటివి పెడితే తిప్పి పంపిస్తారు. నెట్‌లో దొరికిన ఫోటో వాడకండి. రచయిత, స్వరకర్త పేర్లు ముద్దుపేర్లు కాకుండా పూర్తి అసలు పేర్లు ఇవ్వాలి. అందరూ సంతకం పెట్టిన ఆ కాగితం ఇక్కడ బయటకు తీయండి. భాష దగ్గర తెలుగు ఎంచుకోవడం మరిచిపోకండి. పాట పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాయాలో ఒకసారి తేల్చుకుని, అన్నిచోట్లా అదే స్పెల్లింగ్ వాడండి.

ప్రతి రికార్డింగ్‌కూ 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇస్తే పాత స్ట్రీముల లెక్క పోకుండా ఉంటుంది. పాటలో రెడీమేడ్ లూపులు వాడి ఉంటే యూట్యూబ్ కంటెంట్ ఐడీ (మీ పాట వాడిన వీడియోలను కనిపెట్టే ఏర్పాటు) ఆప్షన్ పెట్టకండి. అదే లూప్ వాడిన ఇతరుల వీడియోల మీద అనవసరంగా క్లెయిములు పడతాయి.

తేదీ

మాస్టర్ ఫైలు చేతికి వచ్చేదాకా తేదీ ప్రకటించకండి. వచ్చాక కనీసం నాలుగు వారాల తర్వాత ఒక శుక్రవారం పెట్టుకోండి. 2015 నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకు శుక్రవారమే. అప్‌లోడ్ అయ్యాక స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో మీ ప్రొఫైల్ తీసుకుని, రిలీజ్‌కు కనీసం 7 రోజుల ముందు పాటను ప్లేలిస్టుల కోసం పిచ్ చేయండి, అంటే తీసుకోమని అడగండి. ప్లేలిస్టులోకి తీసుకోకపోయినా మిమ్మల్ని ఫాలో అవుతున్నవాళ్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల జాబితాలో అయినా పాట వస్తుంది. సాహిత్యాన్ని తెలుగు లిపిలో మ్యూజిక్స్‌మ్యాచ్ అనే లిరిక్స్ సైట్‌లో ఎక్కించండి. పాట నడుస్తుంటే మన అక్షరాలు స్క్రీన్ మీద కదలడం చూడటం చాలా సంతోషం.

వీడియో తీయాలనుకుంటే ఒక జాగ్రత్త. గుత్తి కోట, గండికోట భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. స్టాండ్లు, లైట్లు, డ్రమ్స్ తీసుకుని షూటింగ్‌కు పోవాలంటే ముందే అనుమతి కావాలి. డబ్బు, ఓపిక లేకపోతే ఊరి బయట శెనగచేను గట్టు మీద తీయండి. మా లిరిక్ వీడియో అలాగే తీశాం, అందరూ బాగుందన్నారు.

రిలీజ్ రోజు పెద్ద పెద్ద పేజీల వెంట పడకుండా, ముందు మీ కాలేజీ గ్రూపులు, మీ వీధి గ్రూపులకు పంపండి. స్పాటిఫైలో ఒక పాటకు 12 నెలల్లో 1000 స్ట్రీములు వస్తేనే రాయల్టీ లెక్కలోకి వస్తుంది. ఆ వెయ్యి మనల్ని తెలిసినవాళ్ల నుంచే మొదలవుతాయి. ఆకాశవాణి అనంతపురం కేంద్రానికి కూడా పాట, వివరాలు తీసుకెళ్లి అడిగి చూడండి. వారంలోపు ఒక చిన్న షో పెట్టుకోండి, అది లలిత కళా పరిషత్‌లో అయినా, కాలేజీ ఆడిటోరియంలో అయినా సరే. బయట స్పీకర్లు పెడితే పోలీసు అనుమతి తీసుకుని, రాత్రి పది లోపు ముగించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు.

షో అయిన మరుసటి రోజు మిగిలేది ఒక్క పని. అసలు ట్రాకులు, మిక్స్, మాస్టర్, మాటల కాగితం, సంతకాల కాగితం ఫోటో, కోడ్ నంబరు అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించండి. రెండూ ఒకే ఇంట్లో పెట్టకండి. మాది ఒకటి డ్రమ్మర్ వాళ్లింట్లో బీరువాలో ఉంది, ఇంకొకటి మా అమ్మ పట్టుచీరల పెట్టెలో ఉంది.